పిల్లలు ఎక్కువయ్యారు

కార్ఖానా, సికింద్రాబాద్
10 జూన్ 2024

అత్తమ్మా,

నీ చెవులు మొరాయించినప్పటి నుంచి నాకు చేతిరాత మళ్లీ అలవాటవుతోంది. ఫోన్లో అరిస్తే నీకు వినపడదు, మెసేజీ పెడితే నువ్వు ఫోన్ తెరవవు. ఇక్కడ పోస్టు డబ్బా ఎక్కడుందో కనుక్కోవడానికే దయాకర్‌కు రెండు రోజులు పట్టింది. తప్పులుంటే ఎర్రపెన్నుతో దిద్ది తిరిగి పంపకు, నేనిప్పుడు నీ క్లాసులో లేను.

నాకు అయిదు నెలలు నిండాయి. మొదటిసారి మూడో నెలలో, రెండోసారి ఏడో నెలలో పోయింది కదా, అందుకని ఈసారి డాక్టరమ్మ మెట్లు కూడా దిగొద్దంది. స్కూలుకు సెలవు పెట్టేశాను. ఇది కూడా నిలవకపోతే ఇంకోసారి నావల్ల కాదు అత్తమ్మా. ఆ మాట దయాకర్‌కు చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

పొద్దున తొమ్మిదికి బ్యాంకుకు పోతే దయాకర్ ఇల్లు చేరేది ఏడింటికి. "ఒక్కదానివే ఉంటే పిచ్చి లేస్తది, జెర టైంపాస్ అయితది" అని ఉగాది ముందర ఒక అక్వేరియం కొనుక్కొచ్చి నా మంచానికి ఎదురుగా పెట్టాడు. అందులో ఆరు గప్పీ చేపలు. చిటికెన వేలంత ఉంటాయి. మగవాటికి రంగురంగుల తోకలు, ఆడవాటికి పొట్టలు. ఇవి గుడ్లు పెట్టవట, నేరుగా పిల్లల్నే కంటాయట. షాపతను ఆ ముక్క మాత్రం చెప్పలేదు.

ఒకరోజు చూస్తే నీళ్లలో ఆవగింజలకు కళ్లు పెట్టినట్టు ఏవో కదులుతున్నాయి. ఇరవై రెండు లెక్కపెట్టాను. లెక్క పూర్తికాకముందే కన్నతల్లే వెనక్కి తిరిగి ఒకదాన్ని మింగేసింది! నేను పెట్టిన కేకకు పై ఫ్లాట్ నవత పరిగెత్తుకొచ్చింది. టీ వడగట్టే జాలీతో మిగతావాటిని తీసి ఇడ్లీపిండి గిన్నెలో వేశాను. నెల తిరక్కుండా మళ్లీ కాన్పు, పక్కనే ఇంకోదానికి కాన్పు. ఇప్పుడు బకెట్లో, ఊరగాయ జాడీలో, చివరికి కుక్కర్లో కూడా పిల్లలే. రెండు వందలు దాటారు. ఒక్కరోజు ఏమరుపాటుగా ఉంటే పెద్దవాళ్లు తినేస్తున్నారు. షాపుకు ఫోన్ చేస్తే "వద్దు మేడం, మా దగ్గరే బొచ్చెడున్నయ్" అన్నాడు. దయాకర్ నాలాలో పోసొస్తానంటాడు. నా చేతులతో పిల్లల్ని నాలాలో పోయించలేను అత్తమ్మా, అందులోనూ ఇప్పుడు.

ఇంకొకటి చెప్తాను, నవ్వకు. మధ్యాహ్నం రెండింటికి అందరూ ఒకేసారి ఒకవైపుకు తిరుగుతారు. బకెట్లో వాళ్లు, జాడీలో వాళ్లు, అందరూ. తలలన్నీ వాకిలి వైపు. ఒక్క నిమిషం అట్లా ఉండి మళ్లీ మామూలే. నేను తలుపు తీసి చూశాను. ఎవరూ లేరు.

పిల్లలు ఎక్కువయ్యారు, ఏం చెయ్యమంటావు?

నీ సృజన


సోలాపూర్
17 జూన్ 2024

చిరంజీవి సృజనకు,

నీ ఉత్తరం చదివి పరేషాన్ అయిపోయాను. పక్కింటి వాళ్ల పిల్లల్ని ఇంట్లో పెట్టుకున్నావేమో అనుకుంటూ చదువుతుంటే "పెద్దవాళ్లు తినేస్తున్నారు" అని వచ్చింది! చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. మళ్లీ మొదటి నుంచి చదివితే గానీ చేపల సంగతి తలకెక్కలేదు.

చేపపిల్లలు ఎక్కువయ్యాయి. ఎక్కువయ్యారు కాదు. "రు" మనుషులకు. ఇరవై తొమ్మిదేళ్లు ఈ సోలాపూర్‌లో, తెలుగు సగం మరిచిపోయిన పద్మశాలీల పిల్లలకు ఈ ఒక్క ముక్క నేర్పడానికే నా గొంతు అరిగిపోయింది. ఇంట్లో పెంచిన మేనకోడలికే రాకపాయె. ఎర్రపెన్ను దొరకలేదు కాబట్టి బతికిపోయావు.

ఇక చేపల మాట. మగవాటినీ ఆడవాటినీ వేరు చెయ్యి, సగం బాధ తీరుతుంది. తిండి తగ్గించు. ఉన్నవాటిని అడిగినవాళ్లకు ఇచ్చెయ్యి. కానీ ఊరికే ఇవ్వకు. ప్రాణమున్నదాన్ని ఊరికే ఇవ్వకూడదు, ఊరికే తీసుకోకూడదు. మా అమ్మ కోడిపిల్లను ఇచ్చినా అవతలివాళ్ల చేతి నుంచి ఏదో ఒకటి తీసుకునేది. నువ్వూ గుప్పెడు ఏదైనా తెచ్చి తీసుకుపొమ్మను.

అవన్నీ వాకిలి వైపు తిరగడానికి నువ్వు మధ్యాహ్నం తలుపు తీస్తే వచ్చే వెలుతురే కారణం. పనిలేని మనసు పది చూస్తుంది. కడుపులో బిడ్డను పెట్టుకుని పిచ్చి ఆలోచనలు చెయ్యకు. నాలుగు పూటలా తిను, ఎడమవైపు తిరిగి పడుకో. మొదటి ఇద్దరూ నిలవలేదని ఈ బిడ్డ మీద అపనమ్మకం పెట్టుకోకు.

నీ అత్తమ్మ


కార్ఖానా
26 జూన్ 2024

అత్తమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను. లిఫ్ట్ తలుపు మీద చీటీ అంటించమని పేతురుకు ఇచ్చాను. పేతురు మా వాచ్‌మన్. చీటీలో ఏం రాశానంటే: "పిల్లలు ఎక్కువయ్యారు. కావలసినవారు గుప్పెడు ఏదైనా ఇచ్చి తీసుకుపోగలరు. ఫ్లాట్ 203." నీ "యి" గుర్తొచ్చేసరికి చీటీ అప్పటికే అతికిపోయింది, తిట్టకు.

నవత గుప్పెడు చక్కెర ఇచ్చి పది పట్టుకుపోయింది. చక్కెర ఎందుకంటే "నీ నోరు తీపి చేద్దామని" అంది. తెల్లారేసరికి అందులో నాలుగే మిగిలాయట, మళ్లీ వచ్చి ఇంకో పది తీసుకుంది, ఈసారి చక్కెర లేదు. పేతురు నిమ్మకాయలు ఇచ్చి వాళ్ల సండే స్కూలు పిల్లల కోసం నీళ్ల బాటిల్లో ఇరవై నింపుకుపోయాడు. మనిషికి ఎంత సంబరమో!

వీళ్లు కాక ఇంకొకామె వస్తోంది. పెద్దామె, నీకంటే పెద్దదే. మొదటిసారి గురువారం వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి పిల్లలందరూ వాకిలి వైపు తిరిగారు, ఆ వెంటనే తలుపు చప్పుడైంది. బయట కుండపోతగా వాన. ఆమె చీరె మీద మాత్రం చుక్క తడి లేదు.

"పిల్లల్నిస్తున్నవంట గదా బిడ్డా?" అంది.

"అవునమ్మా, ఎన్ని కావాలి?"

"ఒక్కటి చాలు. దినానికొక్కటి తీస్కపోత."

నీళ్లతో కవరిస్తానంటే వద్దంది. "దూరమేం లేదు" అని అరచెయ్యి చాపింది. ఉత్త చేతిలో, నీళ్లు లేకుండా, ఒక పిల్లను పెట్టించుకుని గుప్పిలి మూసుకుంది. అది కొట్టుకోవడం కూడా నేను చూడలేదు. తర్వాత కొంగుముడి విప్పి గుప్పెడు తవుడు నా చేతిలో పోసింది. అప్పుడే దంచినట్టు కమ్మటి వాసన, వెచ్చగా ఉంది. ఈ కార్ఖానాలో వడ్లు దంచేవాళ్లు ఎవరున్నారు అత్తమ్మా? "నాకిచ్చినట్టేనా?" అని అడిగింది. "ఇచ్చినట్టే" అన్నాను. ఆ మాట అనేదాకా గడప దగ్గర్నుంచి కదల్లేదు.

ఆరు రోజులుగా ఇదే వరస. రోజుకొక పిల్ల, గుప్పెడు తవుడు, అదే ప్రశ్న. తవుడు చిటికెడు వేస్తే చేపలు ఎగబడి తింటున్నాయి. ఎంత మంచి తవుడో!

బిడ్డ తన్నుతోంది. నిన్న దయాకర్ చెయ్యి పెట్టి చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నీ సృజన


సోలాపూర్
3 జూలై 2024

సృజనా,

మీ నవత చక్కెర కథకు నవ్వుకున్నాను. తవుడు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

గుప్పెడు ఏదైనా అన్నాను. తవుడు తప్ప అని రాయాల్సింది. ఎవరికి తెలుసు, ఈ కాలంలో, ఆ ఊళ్లో ఎవరైనా తవుడు తెస్తారని! ఇక ఒక్క గింజ కూడా ఆమె చేతి నుంచి తీసుకోకు. తలుపు తియ్యకు. ఆ చీటీ ఈ పూటే చింపెయ్యమని పేతురుకు చెప్పు. అందులో చేప అన్న మాటే లేదు. పైగా "ఎక్కువయ్యారు" అని రాసి లిఫ్ట్‌కు అంటించావు.

ఆమె ఏ ఇంటి మనిషి? పేరేమిటి? పేతురును అడిగి వెంటనే రాయి. ఎందుకని అడగకు. ముందు చెప్పిన పని చెయ్యి.

అత్తమ్మ


కార్ఖానా
5 జూలై 2024

అత్తమ్మా,

నీ జవాబు ఇంకా అందలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇవాళ మనసు మనసులో లేదు.

పెద్దామె రోజూ వచ్చినట్టే వచ్చింది. ఎప్పుడూ గడప బయటే ఉండేది, ఇవాళ లోపలికి చూసింది. అక్వేరియం వైపు చూసింది, అందులో ఒక తల్లి చేప ఇవాళో రేపో అన్నట్టుంది. తర్వాత నా వైపు చూసింది.

"ఎన్నో నెల బిడ్డా?"

"ఆరు నిండినయమ్మా."

కొంగుముడి విప్పి రెండు గుప్పెళ్లు పోసింది. ఇవాళ రెండెందుకంటే "పెద్ద బేరం" అని నవ్వింది. "పిల్లను నాకిచ్చినట్టేనా?" అంది. నేను "ఇచ్చినట్టే, ఏది కావాలో చూసుకోండి" అని జాలీ అందుకోబోయాను.

"ఇయ్యాల తీస్కపోను. దినాలు నిండినంక వస్త" అంది.

ఉత్త చేతులతో మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ తల్లి చేప గురించే అనుకున్నాను. దాని పిల్లలు కావాలేమో, కన్నాక వస్తుందేమో. అంతే కదా అత్తమ్మా? ఇంకేముంటుంది?

కానీ ఒకటి. ఆమె వెళ్లాక పిల్లలు వాకిలి వైపు నుంచి మళ్లారా అని చూస్తే, అందరూ నా వైపు తిరిగి ఉన్నారు. నేను వంటింట్లోకి పోతే వంటింటి వైపు. మంచం మీదికి వస్తే మంచం వైపు. దయాకర్‌ను పక్కన నిలబెట్టి చూపించాను. "తిండి పెడ్తవని చూస్తున్నయ్ తీ" అన్నాడు. తిండి కోసమైతే నా చేతి వైపు చూడాలి. వీళ్లు చూసేది చేతి వైపు కాదు.

తవుడు ఒక స్టీలు డబ్బాలో పోసి పెట్టాను. చేపలకు వేయబుద్ధి కాలేదు.

సృజన


సోలాపూర్
10 జూలై 2024

బంగారూ,

నీ ఉత్తరం అందింది. నాది నీకు చేరకముందే జరగాల్సింది జరిగిపోయింది. పోస్టును తిట్టాలో నన్ను నేను తిట్టుకోవాలో తెలియడం లేదు.

విను. మన ఇళ్లల్లో పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను చాటలో పడుకోబెట్టి గుప్పెడు తవుడుకు ఇంకొకరికి అమ్మేవాళ్లు. మృత్యువు వచ్చి చూస్తే ఆ బిడ్డ ఆ తల్లిది కాదు, తవుడుకు అమ్ముడుపోయింది, పేరుకు కూడా విలువ లేనిది. అట్లా కన్నుకప్పేవాళ్లు. తవుడు, తవుడమ్మ అని పేర్లు పెట్టేది అందుకే. కొన్నది మనవాళ్లే అయితే కొన్నాళ్లకు తిరిగి ఇస్తారు. నువ్వు అమ్మింది ఎవరికో నాకు తెలియదు. తవుడు అందుకుని ఇచ్చినట్టే అన్నాక ఆ బేరం కుదిరినట్టే. పిల్ల అంటే చేపపిల్ల అని నువ్వు అనుకున్నావు. ఆమె అనుకోలేదు.

ఆ రెండు గుప్పెళ్లూ గింజ తగ్గకుండా తిరిగి ఇచ్చెయ్యి. తీసుకోకపోతే ఆమె కాళ్ల దగ్గర పోసి తలుపు వేసుకో. నాకు భయంగా ఉంది. నీ దగ్గర దాచి ఏం లాభం.

అత్తమ్మ


కార్ఖానా
19 జూలై 2024

అత్తమ్మా,

ఎవరికని తిరిగి ఇవ్వను? ఆ రోజు తర్వాత ఆమె రాలేదు. ఇంటింటికీ వెళ్లి అడగమన్నాను, పేతురు కార్ఖానా అంతా తిరిగొచ్చాడు. "అసలు ఆమెను నేనెప్పుడు చూడలేదమ్మా, గేటు కాడ్నే కూసుంట గదా పొద్దంత" అంటాడు. లిఫ్ట్ చీటీ చింపమంటే, ఎప్పుడో ఎవరో జాగ్రత్తగా ఊడదీసుకుపోయారన్నాడు.

డబ్బా తలుపు బయట పెట్టాను. తెల్లారి వంటింట్లో, దాని చోట్లో అదే ఉంది. దయాకర్ లోపల పెట్టాడనుకున్నాను. తను ముట్టుకోలేదన్నాడు. రెండోసారి దయాకరే తీసుకెళ్లి అల్వాల్‌లో వాళ్ల దోస్తు గేదెలకు పోసి ఖాళీ డబ్బా తెచ్చాడు. పొద్దున మూత తీస్తే నిండా తవుడు. వెచ్చగా ఉంది. అప్పటి నుంచి దయాకర్ నవ్వడం మానేశాడు. అక్వేరియం తీసి పారేస్తానంటే నేనే వద్దన్నాను, వాళ్లకు కోపం వస్తుందేమోనని. వాళ్లకు! చూశావా ఎట్లా రాస్తున్నానో?

నాకు ఏడో నెల పడింది. పోయినసారి సరిగ్గా ఇక్కడే కదా. నిన్న నడుము నొప్పి వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లారు. బిడ్డ బాగుందన్నారు. బాగుంటే ఎందుకు తన్నడం తగ్గింది? మధ్యాహ్నం రెండింటికి మాత్రం లోపల ఒక్కసారి తిరుగుతుంది, వాకిలి వైపు.

గుప్పెడు ఏదైనా తీసుకోమన్నది నువ్వు. ఊరికే ఇవ్వొద్దన్నది నువ్వు. నేను ఊరికే ఇచ్చి ఉంటే ఇదేమీ ఉండేది కాదు. నీ మాట విన్నందుకు నా బిడ్డ పోతే నీ మొహం చూడను అత్తమ్మా. కోపంతో రాస్తున్నాను, అయినా చింపకుండా పంపుతున్నాను.

సృజన


సోలాపూర్
26 జూలై 2024

సృజనా,

తిట్టు. నీకా హక్కుంది. ఎంత తిట్టినా తక్కువే, ఎందుకంటే నీకు తెలియని తప్పు ఇంకొకటి ఉంది. ముప్పై ఏళ్లు నోరు కట్టుకుని బతికాను, ఇప్పుడు చెప్పక తప్పదు.

నీకంటే ముందు మీ అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. నువ్వు పుట్టిన మూడో రోజు బొల్లారం ఇంటి వాకిట్లో నిన్ను చాటలో పడుకోబెట్టి మీ అమ్మ అడిగింది, "ఈ పిల్ల నాది గాదు, ఎవరన్న కొంటరా?" అని. గుప్పెడు తవుడు పోసి నిన్ను కొన్నది నేనే. అయిదేళ్లు నిండాక చీరె పెట్టి తిరిగి తీసుకోవాలని మాట.

నువ్వు బతికావు. గుండ్రంగా, మొండిగా, నల్లటి జుట్టుతో. నాకు కడుపు పండలేదు. ఆ అయిదేళ్లూ నిన్ను ఎత్తుకున్నప్పుడల్లా ఇది నా బిడ్డే అనుకునేదాన్ని, పైకి అనకపోయినా. నీ అయిదో పుట్టినరోజుకు మీ అమ్మ చీరె తెచ్చింది, ఆకుపచ్చది. అది చూడగానే నా ప్రాణం విలవిల్లాడింది. "తొందరేముంది వదినా, ఇంకో ఏడాది ఆగు" అన్నాను. మీ అమ్మ నా మొహం చూసింది, అర్థం చేసుకుంది, చీరె మడిచి సంచిలో పెట్టుకుని పోయింది. నాలుగు నెలలకు కామెర్లు వచ్చి పోయింది. ఏ బిడ్డా చేతిలో లేకుండా పోయింది. మా అన్న, అదే మీ నాన్న, అడ్డు చెప్పలేదు, నిన్ను తీసుకుని ఈ సోలాపూర్ వచ్చేశాను. అప్పటి నుంచి మీ అమ్మ ఫొటో ముందు దీపం పెట్టినా కళ్లెత్తి చూడలేదు నేను.

ఇప్పుడు ఆ తప్పే మనకు పనికొస్తుంది. నిన్ను ఎవరూ తిరిగి కొనుక్కోలేదు. నువ్వు ఇంకా నాదానివే. నాదాని కడుపులో ఉన్నదీ నాదే. పరాయి సొమ్మును నువ్వెట్లా అమ్ముతావు? నువ్వు వంద సార్లు ఇచ్చినట్టే అన్నా ఆ బేరం చెల్లదు.

ఆమె వస్తుంది. భయపడకుండా తలుపు తీసి ఇట్లా చెప్పు: "నేను తవుడుకు అమ్ముడుపోయినదాన్ని. ఇచ్చే హక్కు నాకు లేదు. అడిగేది ఉంటే మా అత్తమ్మను అడుగు." ఈ వరుసలోనే చెప్పాలి. రోజూ పొద్దున అప్పజెప్పుకో, పాఠం అప్పజెప్పినట్టు.

బిడ్డకు ఏమీ కాదు. నేను చెప్తున్నాను కదా.

అత్తమ్మ


కార్ఖానా
17 అక్టోబర్ 2024

అత్తమ్మా,

కొడుకు! తొమ్మిదో తారీఖు పొద్దున పుట్టాడు. మూడు కిలోలు. నిండు నెలల బిడ్డ అత్తమ్మా, ఏడుస్తాడు, పాలు తాగుతాడు, నా వేలు పట్టుకుంటే వదలడు. దయాకర్ ఆసుపత్రిలో కనపడ్డ ప్రతివాడికీ మిఠాయి పెట్టాడు. టెలిగ్రాంలు ఉన్న కాలమైతే నీకు పది కొట్టేవాడు.

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. అమ్మ గురించి ఏడ్చాను, నీ గురించీ ఏడ్చాను. ఈ రెండున్నర నెలలు నీకు రాయకపోవడం కోపంతో కాదు. ఏం రాయాలో తెలియక. నన్ను నువ్వు దొంగిలించావని ఒకరోజు అనిపించేది, నువ్వు లేకపోతే నేనెక్కడ అని ఇంకోరోజు అనిపించేది. కానీ పాఠం మాత్రం రోజూ అప్పజెప్పుకున్నాను.

నిన్న వచ్చింది. అదే రెండింటికి. బాబు నా ఒళ్లో ఉన్నాడు. వాడిని దయాకర్‌కు ఇచ్చి నేనే తలుపు తీశాను. మాట తడబడలేదు. నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను. ఆమెకు కోపం రాలేదు. తలూపింది, బేరంలో ధర్మం తెలిసిన మనిషి ఊపినట్టు.

"గట్లనా. అయితే నీతోని నాకేం పని లేదు. యాడుంటది మీ అత్త?" అంది.

విమల అన్న నీ పేరూ, అడ్రసూ చెప్పాను. నీ ఉత్తరం వెనక ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. మళ్లీ ఒకసారి చెప్పమంది, చెప్పాను. డబ్బా చేతిలో పెడితే తీసుకుని కొంగులో పోసుకుంది. వెళ్లిపోయింది.

అంతే అత్తమ్మా, అయిపోయింది! చేపలు వాటి పాటికి అవి నలుదిక్కులా తిరుగుతున్నాయి. మొదట వద్దన్న షాపతనే ఇవాళ వచ్చి అన్నీ పట్టుకుపోయాడు. ఇల్లంతా తేలికైంది.

రాత్రి బాబుకు పాలిస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. అడగమని చెప్పమన్నది నువ్వే కదా. కానీ అడ్రసు చెప్పమని నువ్వు రాయలేదు. ఆమె అడిగితే నోటికొచ్చినట్టు చెప్పేశాను. చెప్పకూడదా? ఆమె వస్తే తలుపు తియ్యకు. పక్కవాళ్లను తోడు పిలుచుకో. సెలవు దొరికేది ఇరవై ఆరో తారీఖుకే, ఆ శనివారం దయాకర్ రైలెక్కుతున్నాడు, నిన్ను ఇక్కడికి తీసుకొస్తాడు. బాబును నువ్వు ఎత్తుకోవాలి.

నీ సృజన


సోలాపూర్
22 అక్టోబర్ 2024

నా తల్లీ,

కొడుకన్న మాట నీ ఉత్తరం కంటే ముందే తెలిసింది. నీ కవరు ఇవాళ అందింది. ఆమె పదహారో తారీఖు సాయంత్రమే వచ్చింది. "మగపిల్లగాడు, మొండోడు" అని చెప్పింది. ఎంత సంతోషమైందో, ఎదురుగా ఉన్నది ఎవరన్నది కూడా కాసేపు మరిచిపోయాను.

అడ్రసు చెప్పినందుకు ఏడవకు. చెప్తావని తెలిసే ఆ మాట రాశాను. ఆమె ఎవరో ఒకరిని అడగాలి. నిన్ను అడగకూడదు.

ఆరు రోజులు గడువు అడిగాను. నీ ఉత్తరం చూసుకోవాలన్నాను. సరే అంది. రోజూ మధ్యాహ్నం వచ్చి వాకిట్లో కూర్చుని పోతోంది. పక్కవాళ్లు ఆమె కూర్చున్న చోట నుంచే నడిచిపోతారు, పలకరించరు. నాకు ఈ ఊళ్లో ఎవరి మాటా వినపడదు, ఆమె మాట మాత్రం వినపడుతుంది. నువ్వు నమ్మవు, మనిషి గొంతు విని నాకు ఎన్నాళ్లయింది! రెండు రోజులు కబుర్లు కూడా చెప్పుకున్నాం.

బిడ్డను ఇవ్వనన్నాను. "ఒకసారి ముట్టిన తౌడు వాపసొచ్చినా ఒక పిల్ల రావాలె, అది మాట" అంది. నేను వస్తాను, ఈ ముసలిదాన్ని పిల్ల అంటే ఒప్పుకుంటావా అన్నాను. "నువ్వు సుత ఒక తల్లి పిల్లవే గదా" అంది. ఇరవై తొమ్మిదేళ్లు తెలుగు చెప్పాను, ఆ మాటలో ఇంత చోటుందని నాకు తట్టలేదు. వెంటనే ఒప్పేసుకున్నాను. నీకూ బాబుకూ ఇక ఆమెతో ఏ లావాదేవీ లేదు. రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఇక మన లెక్క. నీ దగ్గర నుంచి చీరె వద్దు, ఏమీ వద్దు. సృజనా, నిన్ను తిరిగి ఇచ్చేస్తున్నాను. మీ అమ్మకు ఇవ్వాల్సింది, ఆమె లేదు కాబట్టి నీకే ఇస్తున్నాను. ఇవాళ్టి నుంచి నువ్వు మీ అమ్మ బిడ్డవు. నీ కొడుకు నీ కొడుకు. ఈ ముక్క చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది, మాఫ్ చెయ్యి.

దయాకర్‌ను రావొద్దను. ఇల్లు శుభ్రం చేసి తాళం పక్కింట్లో ఇచ్చాను. చిన్నప్పటి నీ గౌన్లు ట్రంకులో ఉన్నాయి, బాబుకు పనికొస్తే పంపించమని చెప్పాను.

ఉత్తరం పోస్టు చేసి వస్తానంటే, డబ్బా దాకా తనూ వస్తానంటోంది.

విమల